మెదక్‌లో పార్టీ టికెట్ పోటీలు

మెదక్ పట్టణం కేంద్రంగా ఉన్న శాసనసభ స్థానానికి, అదే పేరు మోస్తున్న లోక్‌సభ స్థానానికి అభ్యర్థులుగా నిలబడేందుకు ఒకే పార్టీలోని ఆశావహులు పడే పోటీని ఇక్కడ టికెట్ పోటీ అంటారు. అసలు ఎన్నికకు ముందు జరిగే ఈ పోటీకి పోలింగ్ కేంద్రం ఉండదు, ఓటరు జాబితా ఉండదు. పట్టణంలోని రాందాస్ చౌరస్తాలో ఎవరి పేరు మీద ఎంత వాదన జరిగినా, తుది మాట హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఖరారవుతుంది. అయినా మెదక్ రాజకీయాల్లో గెలుపోటములను చాలాసార్లు నిర్ణయించింది ఈ తొలి పోటీయే.

అమెరికాలో ఇదే పని ప్రైమరీ ఎన్నికల ద్వారా జరుగుతుంది. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో రాష్ట్రాలవారీగా ఓటర్లే తేలుస్తారు. ఆ పోటీదారులు ఒకే వేదిక మీద నిలబడి వాదించుకుంటారు. 1948లో ఓరెగన్ ప్రైమరీకి ముందు రిపబ్లికన్ ఆశావహులు థామస్ డ్యూయీ, హెరాల్డ్ స్టాసెన్ రేడియోలో తలపడ్డారు. అయితే అక్కడ కూడా ఇది మొదటి నుంచి ఉన్న పద్ధతి కాదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే డెమోక్రటిక్ అభ్యర్థి అయ్యారు. దానిపై చెలరేగిన ఆగ్రహం వల్లనే ఆ పార్టీ నిబంధనలు మారి, ప్రతినిధుల ఎంపికలో సామాన్య ఓటరుకు అసలైన అధికారం దక్కింది. మన దగ్గర అంతటి ఆగ్రహం టికెట్ల ప్రకటన వేళ తరచుగానే వస్తుంది. నిబంధన మాత్రం మారదు.

తొలి అనుభవాలు

తెలుగువారికి పార్టీ లోపలి ఎన్నిక కొత్తేమీ కాదు. 1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికలో సుభాష్ చంద్రబోస్‌పై పోటీపడింది ఆంధ్ర నాయకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య. బోస్‌కు 1,580, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. ఓట్ల లెక్కకన్నా దానికి ముందు పత్రికా ప్రకటనల్లో నడిచిన వాదం ముఖ్యమైనది. అధ్యక్ష ఎన్నిక విధానాల మీద, కార్యక్రమం మీద జరగాలని బోస్ వాదించారు. అది ఏకగ్రీవంగా జరగాలని, విధానాలు తేల్చేది మహాసభ, కార్యవర్గం తప్ప అధ్యక్షుడు కాదని వల్లభ్‌భాయ్ పటేల్ తదితరులు బదులిచ్చారు. పోటీదారులు జనం ముందు వాదించుకోవడం పార్టీకి మేలా, కీడా అన్న ప్రశ్న ఆనాడే సూటిగా లేచింది. పట్టాభి తర్వాత 1948లో పురుషోత్తమ్ దాస్ టాండన్‌ను ఓడించి అధ్యక్షుడయ్యారు.

మెదక్ అప్పుడు నిజాం పాలనలో ఉంది. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌పై 1938లోనే నిషేధం పడింది. కాబట్టి ఈ ప్రాంతంలో ప్రజా నాయకత్వం ఆంధ్ర మహాసభ వేదికల మీద పెరిగింది. దాని తొలి సభ 1930లో ఆనాటి మెదక్ జిల్లాలోని జోగిపేటలోనే సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1944 నాటి భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు కావడంతో సంస్థ చీలిపోయింది. అధ్యక్షుడెవరన్నది దారి ఎటన్నదానికి మరో పేరుగా ఉన్న రోజులవి.

1952 తొలి సాధారణ ఎన్నికల్లో మెదక్ లోక్‌సభ స్థానాన్ని పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున సరోజినీ నాయుడు కుమారుడు డాక్టర్ ఎన్.ఎం. జయసూర్య గెలిచారు. తర్వాత రెండుసార్లు కాంగ్రెస్ నుంచి పి. హనుమంతరావు, 1967లో సంగం లక్ష్మీబాయి నెగ్గారు. 1971లో తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థిగా గెలిచిన మల్లికార్జున్, ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయాక 1977లో కాంగ్రెస్ అభ్యర్థిగా అదే స్థానం నిలబెట్టుకున్నారు.

1980: పోటీ లేని టికెట్

మెదక్ పేరు దేశమంతా వినబడింది 1980లో. 1977లో రాయ్‌బరేలీలో ఓడిన ఇందిరా గాంధీకి, అదే ఎన్నికలో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సురక్షితంగా కనిపించింది. ఆమె రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ నామినేషన్ వేశారు. సిట్టింగ్ ఎంపీ మల్లికార్జున్ మహబూబ్‌నగర్‌కు మారారు. ఇక్కడి పార్టీలో పోటీ అన్న మాటే రాలేదు. జనతా పార్టీ అభ్యర్థి ఎస్. జైపాల్‌రెడ్డిపై రెండు లక్షలకు పైగా మెజారిటీతో ఇందిర గెలిచి, రాయ్‌బరేలీని వదులుకొని మెదక్‌ను ఉంచుకున్నారు. 1984 అక్టోబర్ 31న హత్యకు గురయ్యే నాటికి ఆమె మెదక్ ఎంపీ.

ఆ నాలుగేళ్లలో జిల్లాకు మేలు జరగలేదనడం అన్యాయం. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారానికి 1984లో శంకుస్థాపన చేసింది ఆమే. కానీ స్థానిక నాయకులకు మెదక్ ఒక పాఠం నేర్పింది: ఈ సీటు ఢిల్లీకి అవసరమైతే ఢిల్లీదే. ఓటరు మాత్రం ఆ పాఠానికి కట్టుబడలేదు. ఇందిర మరణానంతరం దేశమంతా సానుభూతి వెల్లువెత్తిన 1984 డిసెంబర్ ఎన్నికల్లో ఆమె స్థానాన్ని తెలుగుదేశం అభ్యర్థి పి. మాణిక్‌రెడ్డి గెలుచుకున్నారు. 1989 నుంచి నాలుగుసార్లు వరుసగా కాంగ్రెస్ నుంచి ఎం. బాగారెడ్డి గెలిచారు. జహీరాబాద్ ప్రాంతంలో వేళ్లూనుకున్న నాయకుడు కావడంతో ఆ కాలంలో స్థానికుడు, స్థానికేతరుడు అన్న వాదన సద్దుమణిగింది.

పొత్తులు, తిరుగుబాట్లు

1999 నుంచి టికెట్ పోటీకి మరో చిక్కు తోడైంది. సీటు ఏ పార్టీకి వెళ్తుందో పొత్తు తేల్చాకే ఆ పార్టీలో ఎవరికి దక్కుతుందన్న ప్రశ్న వచ్చేది. ఆ ఏడు తెలుగుదేశంతో పొత్తులో లోక్‌సభ స్థానం బీజేపీకి రాగా ఆలె నరేంద్ర గెలిచారు. 2004లో ఆయనే తెలంగాణ రాష్ట్ర సమితి (తెరాస) అభ్యర్థిగా, ఈసారి కాంగ్రెస్ పొత్తుతో మళ్లీ నెగ్గారు. అదే ఏడు మెదక్ శాసనసభ స్థానంలో పి. శశిధర్‌రెడ్డి జనతా పార్టీ గుర్తుపై గెలవడం విశేషం. రాష్ట్రంలో ఉనికే అంతంతమాత్రమైన పార్టీ గుర్తు మీద అభ్యర్థి నెగ్గాడంటే, ఓటరు గుర్తును కాదు, మనిషిని చూశాడనే అర్థం.

2009లో తెరాస కూడా ఉన్న మహాకూటమి పొత్తు మెదక్ అసెంబ్లీని తెలుగుదేశానికి ఇచ్చింది. అంతకుముందు రామాయంపేట నుంచి తెరాస ఎమ్మెల్యేగా గెలిచిన పద్మా దేవేందర్‌రెడ్డి రెబెల్‌గా దిగి ఓడిపోయారు. గెలిచింది తెలుగుదేశం అభ్యర్థి మైనంపల్లి హనుమంతరావు. ఈ ఇద్దరి పేర్లూ పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఎదురెదురుగా వస్తాయి. 2014లో పద్మ తెరాస టికెట్ దక్కించుకొని, తెరాస నుంచి సస్పెండై కాంగ్రెస్‌లో చేరిన అప్పటి మెదక్ ఎంపీ విజయశాంతిని ఓడించారు. తెలంగాణ శాసనసభ తొలి ఉపసభాపతి అయ్యారు. 2018లోనూ గెలిచారు.

2014లో మెదక్ ఎంపీగా, గజ్వేల్ ఎమ్మెల్యేగా గెలిచిన తెరాస అధినేత కల్వకుంట్ల చంద్రశేఖరరావు గజ్వేల్‌ను ఉంచుకోవడంతో సెప్టెంబర్‌లో ఉపఎన్నిక వచ్చింది. తెరాస టికెట్‌పై కొత్త ప్రభాకర్‌రెడ్డి నెగ్గారు. అప్పుడు కాంగ్రెస్ అభ్యర్థిగా ఓడిన సునీతా లక్ష్మారెడ్డి తర్వాత తెరాసలో చేరారు. బీజేపీ అభ్యర్థిగా ఓడిన తూర్పు జయప్రకాశ్‌రెడ్డి తిరిగి కాంగ్రెస్‌కు వెళ్లారు. పార్టీ పట్ల విధేయతకన్నా టికెట్ దొరికే చోటే పెద్దదైన కాలానికి ఇది స్పష్టమైన రుజువు.

2023: ఒక సీటు, రెండు ఇళ్లు

మెదక్ టికెట్ మీద అత్యంత బహిరంగంగా, అత్యంత ఘాటుగా వాదన జరిగింది 2023లో. అప్పటికి బీఆర్ఎస్‌గా పేరు మారిన తెరాసలో మల్కాజిగిరి ఎమ్మెల్యేగా ఉన్న మైనంపల్లి హనుమంతరావు, తన కుమారుడు రోహిత్‌కు మెదక్ టికెట్ కావాలని పట్టుబట్టారు. సిట్టింగ్ ఎమ్మెల్యే పద్మా దేవేందర్‌రెడ్డిని మార్చేందుకు పార్టీ ఒప్పుకోలేదు. ఆగస్టు 21న 119 స్థానాలకు 115 పేర్లు ఒకేసారి ప్రకటించినప్పుడు మెదక్‌లో పద్మ పేరే ఉంది. అదే రోజు తిరుమలలో హనుమంతరావు మంత్రి హరీశ్‌రావుపై బాహాటంగా విరుచుకుపడ్డారు. సెప్టెంబర్ చివర తండ్రీకొడుకులు కాంగ్రెస్‌లో చేరారు.

దాంతో వాదన ఒక ఇంటి నుంచి మరో ఇంట్లోకి మారింది. కాంగ్రెస్ అప్పటికే తన రాష్ట్ర కార్యాలయం గాంధీభవన్‌లో టికెట్ దరఖాస్తులు తీసుకుని ఉంది. రుసుము 50 వేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు. రాష్ట్రవ్యాప్తంగా వెయ్యికి పైగా వచ్చాయి. సర్వేలు, ఎన్నికల కమిటీ వడపోత, స్క్రీనింగ్ కమిటీ, చివరకు ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల కమిటీ: ఇదీ దారి. ఏళ్ల తరబడి జెండా మోసినవారు ఆ దారిలో నిలబడి ఉండగా, నిన్న వచ్చినవారికి టికెట్ ఎలా ఇస్తారన్నది మొదటి ప్రశ్న. ఒక కుటుంబానికి ఒకే టికెట్ అన్న 2022 ఉదయ్‌పూర్ తీర్మానం ఏమైందన్నది రెండోది. రెండూ సరైన ప్రశ్నలే. సమాధానం దొరకక జిల్లా కాంగ్రెస్ కమిటీ (డీసీసీ) అధ్యక్షుడు కంఠారెడ్డి తిరుపతిరెడ్డి పార్టీని వీడారు. అక్టోబర్ 15 నాటి తొలి జాబితాలో తండ్రికి మల్కాజిగిరి, కొడుక్కి మెదక్ ఖరారయ్యాయి. ఓటరు తీర్పు రెండు రకాలుగా వచ్చింది. మెదక్‌లో రోహిత్ పది వేలకు పైగా మెజారిటీతో గెలిచారు, మల్కాజిగిరిలో హనుమంతరావు ఓడిపోయారు.

పార్టీ అభ్యర్థిత్వాన్ని ధ్రువీకరించే బీ-ఫాం విలువ ఎంతటిదో మెదక్ లోక్‌సభ స్థానంలోని పటాన్‌చెరు చూపించింది. బీఆర్ఎస్‌లో టికెట్ దక్కని నీలం మధు కాంగ్రెస్‌లో చేరి, జాబితాలో పేరు కూడా చూసుకున్నారు. నామినేషన్ల గడువు ముగిసే ముందు రాత్రి పార్టీ టికెట్‌ను కాటా శ్రీనివాస్‌గౌడ్‌కు మార్చేసింది. మధు బీఎస్పీ నుంచి బరిలో దిగారు. బీఆర్ఎస్ అభ్యర్థి మెజారిటీకన్నా మధుకు పడిన ఓట్లు ఎన్నో రెట్లు ఎక్కువ. కాంగ్రెస్ ఆ సీటు పోగొట్టుకుంది. కొన్ని నెలలకే 2024 లోక్‌సభ ఎన్నికల్లో మెదక్ టికెట్‌ను అదే మధుకు ఇచ్చింది. ఆ మధ్యలో సోనియా గాంధీ తెలంగాణ నుంచి పోటీ చేయాలని రాష్ట్ర కాంగ్రెస్ తీర్మానించడంతో మెదక్ పేరు మళ్లీ చర్చకు వచ్చింది. ఆమె రాజస్థాన్ నుంచి రాజ్యసభకు వెళ్లడంతో ఆ మాట ఆగిపోయింది. బీఆర్ఎస్ మాజీ కలెక్టర్ పి. వెంకట్రామిరెడ్డిని నిలిపింది. దుబ్బాకలో అంతకుముందే ఓడిన ఎం. రఘునందన్‌రావును బీజేపీ నమ్ముకుంది. ఆయన 39,139 ఓట్ల తేడాతో మధుపై గెలిచారు.

నిబంధనల మాట

పార్టీలు అభ్యర్థిని ఎలా ఎంచుకోవాలో చెప్పే చట్టం దేశంలో లేదు. ఎన్నికల సంఘానికి కావలసింది నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు అందే ఏ-ఫాం, బీ-ఫాం మాత్రమే. ఆ సంతకం వెనక ఎవరి ఓటుంది, ఎవరి నోటుంది అని అడిగే అధికారం దానికి లేదు. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యాన్ని చట్టబద్ధం చేయాలని లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2014లో కాంగ్రెస్ దేశంలో కొన్ని లోక్‌సభ స్థానాల్లో కార్యకర్తల ఓటుతో అభ్యర్థులను ఎంపిక చేసి చూసి, తర్వాత ఆ ప్రయోగాన్ని వదిలేసింది.

మెదక్‌కు మరో ఇబ్బంది ఉంది. లోక్‌సభ స్థానం పేరు మెదక్‌దైనా అందులోని ఏడు శాసనసభ నియోజకవర్గాల్లో సిద్దిపేట, గజ్వేల్, పటాన్‌చెరు, సంగారెడ్డి నాయకుల బరువే ఎక్కువ. 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజనతో మెదక్ పట్టణం తన పేరుగల జిల్లాకు కేంద్రమైంది. అంతకుముందు ఆ గౌరవం సంగారెడ్డిది. కలెక్టరేట్ వచ్చింది, టికెట్ నిర్ణయం రాలేదు. పార్టీ సభ్యులు ఓటేసి మెదక్ అభ్యర్థిని ఎంచుకున్న ఎన్నిక ఏ ప్రధాన పార్టీలోనూ ఇంతవరకు జరగలేదు.