ఫిరంగి నుంచి ఎరువు బస్తాకు

యాసంగిలో బాయికాడి మోటర్లు కాలిపోతూనే ఉంటాయి కనుక, కరీంనగర్‌లో మోటర్లు చుట్టే దుకాణాల్లో రాగితీగకు కొదవ ఉండదు. చిన్నప్పుడు తుంపులు అడుక్కొచ్చి ఖాళీ పెన్ను గొట్టానికి రెండు వందల చుట్లు చుట్టేవాళ్ళం. కొసలు గీకి బ్యాటరీకి తాకిస్తే, మూతి దగ్గరున్న మేకు లోపలికి దూకేది. వెంటనే తీస్తే అవతల బయటపడేది. అట్లాగే పట్టుకుంటే నడుమనే ఇరుక్కునేది, వేళ్ళు చురుక్కుమనేవి. మేకును నడుమకు లాక్కోవడమే చుట్టకు తెలుసు. అది నడుమకు చేరేలోపు కరెంటు ఆపాలి. కిటుకంతా అదే.

దీన్ని ఫిరంగి చేయాలనుకున్నది నార్వే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ క్రిస్టియన్ బిర్కెలాండ్. ఆయన పిచ్చి ధ్రువకాంతుల మీద. ఆ పరిశోధనకు డబ్బు కావాలి. వరసగా చుట్టలు పేర్చి, ఒకదాని తర్వాత ఒకదానికి కరెంటు ఇస్తూ ఇనుప గుండును లాగే పద్ధతికి 1901లో పేటెంట్ అడిగాడు. కంపెనీ పెట్టి షేర్లు అమ్మాడు.

1903లో విశ్వవిద్యాలయం హాల్లో జనాన్ని కూర్చోబెట్టి మీట నొక్కాడు. షార్ట్ సర్క్యూట్! కళ్ళు చెదిరే మంట, పెద్ద మోత. మన ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పేలినప్పుడు ఉరికినవాళ్ళకు ఆ హాలు గురించి వేరే చెప్పక్కర్లేదు. గుండు గురికే తగిలింది, షేర్ల ధర మాత్రం నేలకు తగిలింది.

ఆ రోజుల్లోనే సామ్ ఐడే అనే ఇంజినీరు కలిశాడు. గాలిలోని నత్రజనిని పట్టడానికి భూమ్మీద అతి పెద్ద మెరుపు కావాలని ఆయనంటే, అది నా దగ్గరుందని బిర్కెలాండ్ అన్నాడని చెప్పుకుంటారు. మాట సంగతి ఎట్లున్నా పని జరిగింది. అయస్కాంతం ఈసారి గుండును కాదు, మంటనే లాగింది: విద్యుత్ ఆర్క్ జొన్నరొట్టెలా వెడల్పుగా పరుచుకుంది. అందులోంచి గాలిని పంపితే నత్రజని, ఆక్సిజన్ కలిశాయి. దాంతో నత్రికామ్లం, దానికి సున్నపురాయి కలిపితే ఎరువు. 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది.

కరెంటు మాత్రం విపరీతంగా తాగేది. చౌకగా జలవిద్యుత్ దొరికే నార్వేకే చెల్లింది. గాలిలోని నత్రజనిని పట్టే మరో పద్ధతి, హేబర్-బాష్, వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. పాత కరీంనగర్ జిల్లా రామగుండంలో 1980లో బొగ్గుతో మొదలై, 1999లో మూతబడి, 2021 నుంచి గ్యాస్‌తో మళ్ళీ యూరియా తీస్తున్న కార్ఖానాది ఆ రెండో పద్ధతే. ఆదిలాబాద్ పత్తిచేలల్లో బస్తా విప్పేవాళ్ళకు బిర్కెలాండ్ పేరు తగలదు.

ఆయనకూ అదేమీ పట్టినట్టు లేదు. ఎరువు డబ్బు చేతికందగానే మళ్ళీ ధ్రువకాంతుల దగ్గరికే పోయాడు. గాలి తీసేసిన గాజు పెట్టెలో, లోపల విద్యుదయస్కాంతం దాచిన చిన్న గోళం పెట్టి, దాని ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు పుట్టిస్తూ కూర్చున్నాడు.