ఏ డిస్కు మాట నమ్మాలి?

చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే రెయిడ్‌ను బర్క్‌లీ ప్రొఫెసర్లు కనిపెట్టారని మా కుర్రాళ్లు చెబుతుంటారు. అది సగమే నిజం. ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988 నాటి పేపర్లో ఐదు పద్ధతులకు నంబర్లు వేశారు. ఒకే డేటాను రెండు డిస్కుల మీద రాసే మిర్రర్‌కి ఒకటో నంబరిచ్చారు గానీ, అది అప్పటికే పాత పద్ధతి. కాలిఫోర్నియాలోని టాండెమ్ కంపెనీ నాన్‌స్టాప్ మెషీన్లలో డిస్కులు జంటలుగా నడిచేవి. ఆ మెషీన్లలో మొదటిది 1976లో సిటీబ్యాంకుకు వెళ్లింది. బ్యాంకు లెక్కలు పట్టపగలు ఆగితే ఊరుకుంటారా!

బర్క్‌లీ వాళ్ల అసలు గొప్పతనం లెక్కలో ఉంది. చవక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేస్తుందనుకుంటే, అలాంటివి 100 కలిపినప్పుడు 300 గంటలకొకటి పోతుంది. రెండు వారాలు కూడా నిండవు. అందుకే అదనపు సమాచారం దాచక తప్పదన్నారు.

డిస్కు పోయాక సంగతి చూడటం మా పని. ఐడీఈ డిస్కుల రోజుల్లో చిన్న ఆఫీసులవాళ్లు రెండు డిస్కుల్నీ ఒకే రిబ్బన్ కేబుల్‌కి తగిలించేవారు. చచ్చే డిస్కు కేబుల్‌ని పట్టేసి బతికున్నదాన్నీ లాగేసేది. మిర్రర్ ఉందన్న ధీమా మాత్రం ఓనర్‌కి నిండుగా ఉండేది.

లినక్స్‌లో మిర్రర్‌ని నడిపేది ఎండీ. దాని స్థితి చూపే ఎండీస్టాట్ ఫైలు తెరిస్తే రెండు ‘యు’ అక్షరాలు పక్కపక్కన కనిపించాలి. ఒకదాని చోట గీత ఉందంటే జంట విడిపోయినట్టే. పోయినది ఏదో తేల్చడానికి లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు నమ్మకండి, రీబూట్‌తో తారుమారు కావచ్చు. సీరియల్ నంబరు లేబుల్‌తో సరిపోల్చందే నా దగ్గర ఎవరూ స్క్రూ విప్పరు. ఆ తర్వాత కూడా బ్యాకప్పే ముందు, కొత్త డిస్కు తర్వాత. కొత్తదాన్ని నింపే రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కును ఆ చివర నుంచి ఈ చివరదాకా చదవడం. ఏళ్ల తరబడి ఎవరూ చదవని సెక్టార్ల అసలు రంగు బయటపడేది అప్పుడే.

ఈ గండం తప్పించడానికే డెబియన్ లినక్స్ చాలాకాలం నెలలో మొదటి ఆదివారం, రాత్రి ఒంటిగంటకు మూడు నిమిషాల ముందు, రెండు కాపీలనూ మొత్తం చదివించి పోల్చేది. తేడా వస్తే ఎండీ ఎన్నో లెక్క చూపిస్తుంది, అంతే. రిపేర్ చెయ్యమంటే మొదటి డిస్కులో ఉన్నదే నిజమనుకుని రెండోదాని మీద రాసేస్తుంది. ఏది సరైనదో దానికి తెలిసే దారి లేదు. 2005లో సన్ కంపెనీ తెచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ప్రతి బ్లాకుకూ, డేటా చెడిందో లేదో పట్టిచ్చే చెక్‌సమ్ పెట్టుకుని ఆ తగవు తీరుస్తుంది. నేను చూసే ఆఫీసుల్లో ఇప్పటికీ ఎక్కువగా నడిచేది మాత్రం ఎండీయే.