గడ్డిమోపు మోసినోళ్ళం

"మీరు ఈ నేలని ఏలినోళ్ళు గదా!" అని మమ్మల్ని అంటుంటారు. కొందరు కోపంతో అంటారు, కొందరు అభిమానంతోనే అంటారు. ఇద్దరి కళ్ళలోనూ మెదిలేది ఒకే బొమ్మ: షేర్వానీ, తలపాగా, నడుముకు కత్తి, కింద అరబ్బీ గుర్రం. ఆ బొమ్మని కాస్త కిందికి చూడమని మా మనవి. గుర్రం కళ్ళెం పట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆయన సైసు. ఆయన వెనక గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి. మేము వాళ్ళ సంతానం. గుర్రం మీద కూర్చున్నోడి చరిత్ర పుస్తకాల్లో ఉంది. గుర్రానికి నీళ్ళు పెట్టినోళ్ళ చరిత్ర మేమే రాసుకోవాలి.

హైదరాబాద్‌కి ఉత్తరాన జవహర్‌నగర్ నుంచి మొదలు పెడదాం. ఇవ్వాళ ఆ పేరు చెబితే నగరవాసికి గుర్తొచ్చేది చెత్తగుట్ట. కానీ అక్కడి వేలాది ఎకరాలు ఒకప్పుడు పాయెగా భూములు. పారశీకంలో పాయెగా అంటే గుర్రాల లాయమనే అర్థం ఉంది. నిజాం సొంత దళాల్ని పోషించే బాధ్యత పాయెగా ఉమ్రావులది. అందుకే వాళ్ళకి జాగీర్లు. అంటే ఈ నేల ఊరూరా పండించిన జొన్నలోనూ ఉలవలోనూ గుర్రం వాటా ఉంది. పక్కనే బొల్లారం, హైదరాబాద్ కంటింజెంట్ సైన్యానికి ముఖ్య కేంద్రం. అక్కడ రిసాలాబజార్ పేరు ఇంకా బతికే ఉంది. రిసాలా అంటే గుర్రపుదళం. ఇటు మౌలాలిలో గుర్రప్పందాలు జరిగేవి. 1886లో అవి మలక్‌పేటకి మారాయి. మేడ్చల్, శామీర్‌పేట, బొల్లారం, మౌలాలి, ఈ చుట్టుకొలత అంతా డెక్కల చప్పుడు విన్న నేలే.

ఆ గుర్రాలు పోయినా గుర్రం పని పూర్తిగా పోలేదు. నగర శివార్లలో నాలుగైదు గుర్రాలు పెట్టుకుని, పెళ్ళి బరాత్‌లకు పంపి బతికే కుటుంబాలున్నాయి. రేకుల కప్పు, మట్టినేల, నీళ్ళ తొట్టి, దాణా డబ్బా. దాన్ని కొందరు తబేలా అంటారు, కొందరు లాయం అంటారు. నవాబు లాయమైనా ఈ రేకుల షెడ్డయినా గుర్రం చాకిరీ ఒకటే. దానికి పండగ లేదు, ఆదివారం లేదు. తెల్లారక ముందే లేవాలి. లద్దె ఎత్తాలి. ఖరారాతో ఒళ్ళు రుద్దాలి. డెక్క ఎత్తి, ఇరుక్కున్న రాయీ మట్టీ గీకాలి. నీళ్ళు పెట్టాలి. ఒక గుర్రం రోజుకి పాతిక నుంచి నలభై లీటర్ల దాకా తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. దాని కడుపు చిన్నది, వాంతి చేసుకోలేదు. ఒకేసారి కుమ్మరిస్తే శూల పట్టి గంటల్లో పోతుంది. అందుకే కొంచెం కొంచెం, పలుమార్లు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. బేరం లేని రోజు కూడా దానికి ఆకలేస్తుంది.

వానాకాలం వస్తే బీళ్ళల్లో గరిక లేస్తుంది. దాణా ఖర్చు తగ్గుతుంది, రోగాల ఖర్చు పెరుగుతుంది. బురదలో నిలబడ్డ గుర్రం డెక్క కుళ్ళుతుంది. జోరీగలు ముసురుతాయి. వాటి కాటుతో సర్రా రోగం పాకుతుంది. జ్వరం వచ్చి పోతూ, గుర్రం చిక్కి శల్యమవుతుంది. ఆ రోగానికి మూలమైన క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే ఇంగ్లీషు సైన్యపు పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో కనిపెట్టాడు. ఈగలకి వేపాకు పొగ పెట్టే సైసు పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఈ కాలంలోనే ఆషాఢం వస్తుంది, పెళ్ళిళ్ళుండవు. శ్రావణంలో నాలుగు ముహూర్తాలు, మళ్ళీ భాద్రపదం ఖాళీ. ఇటు మొహర్రంలో మా పెళ్ళిళ్ళూ ఉండవు, రంజాన్‌లోనూ ఉండవు. మా నెలలు చంద్రుడి వెంట ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ఒక్కో ఏడు ఆషాఢమూ మొహర్రమూ కలిసొస్తాయి, లాయం మొత్తం పస్తుంటుంది. అందుకే గుర్రాలు నడిపే ఇంట్లో పంచాంగమూ ఉండాలి, ఇస్లామీ క్యాలెండరూ ఉండాలి. మత సామరస్యం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఒకసారి ఆ గోడ చూడాలి.

మొహర్రం అంటే మాకు గుర్రం గుర్తుకొచ్చే నెల కూడా. కర్బలాలో సవారీ లేకుండా తిరిగొచ్చిన ఇమామ్ హుసేన్ గుర్రం కోసం ఏడుస్తాం. తెలంగాణ పల్లెల్లో పీర్ల చావిడిలో నిలిపే పీర్లలో నాల్ సాహెబ్ ఉంటాడు. ఆ పీరు ఆకారం గుర్రపు లాడమే. ఆ పీరుని ఎత్తేవాళ్ళలో, గుండం చుట్టూ అలాయ్ ఆడేవాళ్ళలో మాదిగ, మాల, గొల్ల, కురుమ, సాయిబు అందరూ ఉంటారు.

చలికాలం గుర్రానికి మంచి కాలం. ఒళ్ళు తేరుతుంది, వెంట్రుక నిగనిగలాడుతుంది. ఉలవలు ఉడకబెట్టి తోబ్రాలో పోసి మూతికి కడతారు. కొత్త గుర్రం కొనేదీ అప్పుడే. నాందేడ్ జిల్లా మాళేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది, గుర్రాల సంతకి అది పేరుమోసింది. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలోనే ఉండేది. ఖండోబా అంటే మన మల్లన్నే. మహారాష్ట్రలోని జేజురిలో ఆ దేవుడి గుర్రాల్ని సాకే పని ముస్లింలకి దక్కింది. దేవుడిది ఏ మతమైనా ఆయన గుర్రానికి సైసు కావాలి గదా.

ఈ విద్య ఎవరిది అనడిగితే జవాబు చెప్పడం కష్టం. గుర్రపు వైద్యుణ్ణి ఉర్దూలో సలోత్రి అంటారు. ఆ మాట సంస్కృతపు శాలిహోత్రుడి పేరు నుంచి వచ్చింది. శాలిహోత్రుడి శాస్త్రాన్ని బహమనీల దక్కన్‌లో అబ్దుల్లా బిన్ సఫీ పారశీకంలోకి తెచ్చాడు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రం రాశాడు. కొలిమి దగ్గర డెక్క కొలిచి ఇనుము వంచే నాల్‌బంద్ వీటిలో ఏదీ చదవలేదు. ఆరేడు వారాలకోసారి నాల్ మార్చాలని అతని చేతికి తెలుసు. మా నాల్, మీ లాడం ఒకటే ఇనుము. ఈ చేతుల విలువేమిటో పదమూడో శతాబ్దం చివర దక్షిణానికొచ్చిన మార్కో పోలో పరోక్షంగా చెప్పాడు: పాండ్యదేశపు రాజులు ఏటా వేల గుర్రాలు సముద్రం దాటించి కొంటారనీ, సాకడం తెలిసినోళ్ళు లేక అవి చస్తాయనీ రాశాడు. బంగారం గుర్రాన్ని కొనగలదు, బతికించలేదు.

ఎండాకాలం పెళ్ళిళ్ళ కాలం. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ముహూర్తాలే. చెరువులెండి గడ్డి దొరకదు, ఎండు చొప్ప ధర మండుతుంది. సరిగ్గా అప్పుడే రాత్రిళ్ళు పని. బ్యాండు మోతకీ టపాకాయలకీ బెదరకుండా గుర్రాన్ని ఓపిగ్గా అలవాటు చేసి ఉండాలి. అర్ధరాత్రి తారు రోడ్డు మీద నడిపించుకుంటూ తిరిగొచ్చి, ముందు దాని ఒళ్ళు తుడిచి, నీళ్ళు పెట్టి, ఆ తర్వాతే మనిషి బువ్వ తినాలి. ఈనే కాలం కూడా తరచూ ఇదే. ఆడగుర్రం పదకొండు నెలలు మోస్తుంది. పుట్టిన పిల్ల గంట రెండు గంటల్లో లేచి నిలబడాలి. లేవకపోతే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోరు.

యుద్ధాలకీ ఈ చేతులే పోయాయి. 1916 జులై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో, హైవుడ్ అడవి దగ్గర ఈటెలతో దూసుకెళ్ళిన దళాల్లో ఇరవయ్యో దక్కన్ హార్స్ ఉంది. అది మన కంటింజెంట్ రిసాలాల నుంచి పుట్టిందే. నిజాం హైదరాబాద్ లాన్సర్లు సూయజ్‌కీ పాలస్తీనాకీ పోయారు. వాళ్ళకీ మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లకీ గుర్తుగా 1922లో ఢిల్లీలో మూడు విగ్రహాలు పెట్టారు. అదే తీన్‌మూర్తి. అవి గుర్రపుదళం విగ్రహాలు. గుర్రం లేదు. గుర్రమే లేనిచోట సైసు ఎక్కణ్ణుంచి వస్తాడు?

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. సైన్యం రద్దయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, పాయెగాలూ పోయాయి. జాగీర్లు పోయినందుకు మేము ఏడవలేదు, ఆ జాగీర్ల కింద నలిగింది మేమూ కదా. పాయెగా భూముల్లో దాదాపు ఆరువేల ఎకరాలు మాజీ సైనికుల పునరావాసం పేరు మీద తీసి జవహర్‌నగర్ అన్నారు. సిపాయికి కనీసం కాగితం మీద ఒక పునరావాసం ఉంది. గడ్డి కోసేవాడికీ సైసుకీ నాల్‌బంద్‌కీ ఎవరు ఏమిచ్చారు? కొందరు జట్కా కట్టారు. ఆటో వచ్చి జట్కాని మింగింది. కొందరు అదే ఆటో నడిపారు. ఆఫ్రికా నుంచొచ్చిన సిద్దీల గుర్రపుదళం ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరుగా మిగిలింది. 2007లో ముస్లింలలో వెనకబడిన 14 సమూహాలకి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టంలో సిద్దీల పేరుంది. సైసు పేరు గానీ నాల్‌బంద్ పేరు గానీ విడిగా లేవు. చాలామంది షేక్ అన్న మాటలో కలిసిపోయారు.

గడ్డీ పోయింది. కంచ అంటే పచ్చికబీడు. కంచ ఇమారత్, కంచ గచ్చిబౌలి, ఇవన్నీ పశువులు మేసిన నేలల పేర్లు. 2025లో కంచ గచ్చిబౌలి నాలుగొందల ఎకరాల మీద గొడవ సుప్రీంకోర్టు దాకా పోయినప్పుడు అందరూ జింకల్నీ నెమళ్ళనీ తలుచుకున్నారు, మంచిదే. ఆ పేరులోని గడ్డిని ఎవరూ తలుచుకోలేదు. జవహర్‌నగర్ బీళ్ళ మీద పేదల ఇళ్ళు లేచాయి, నగరం చెత్త లేచింది. వానకి చెత్తలోంచి కారే నల్లనీళ్ళు చుట్టుపక్కల బోర్లనీ కుంటల్నీ చెడగొట్టాయి. నలభై లీటర్ల మంచినీళ్ళు తాగే జంతువుని అక్కడ ఎలా సాకాలి? 2020లో కరోనాతో బరాత్‌లు ఆగినప్పుడు దాణా కొనలేక గుర్రాల్ని తెగనమ్ముకున్నారు.

అయినా పెళ్ళిళ్ళ రాత్రుల్లో గుర్రం ఇంకా నడుస్తోంది. దాని మీద రెడ్డి పెళ్ళికొడుకు కూర్చుంటాడు, మార్వాడీ కూర్చుంటాడు, సాయిబు కూర్చుంటాడు. రాజస్థాన్‌లో, గుజరాత్‌లో దళిత పెళ్ళికొడుకుని గుర్రం ఎక్కినందుకు కొట్టిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. గుర్రం ఎక్కడం ఇంకా అధికారమేనన్నమాట. మా సైసు మాత్రం జీను మీదికెక్కే మనిషి కులం అడగడు, "గట్టిగ కూసో భయ్యా, భయపడకు" అంటాడు. మేము ఈ దేశంలో ఎవరమని అడిగేవాళ్ళకి మా దగ్గరున్న సమాధానం అదే.