తాత ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో అందరూ కలిసే తినాలి. ఒక్కరు రాకపోయినా తాత కంచంలో చెయ్యి పెట్టడు. ఈ పట్టింపు ఎందుకని అడిగితే, "ఆదివారం ఊరికే రాలేదు బిడ్డా" అన్నాడు.

తాత కరీంనగర్ జిల్లా నుంచి బొంబాయి వచ్చి బట్టల మిల్లులో సాంచాలు నడిపాడు. మా చరిత్ర సార్‌ని అడిగితే తెలిసింది, ఒకప్పుడు ఇక్కడి మిల్లుల్లో వారానికో సెలవు అనేదే లేదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా పనే. జ్యోతిబా ఫులే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో కార్మికుల సభ పెట్టి ఆదివారం సెలవు అడిగారు. యజమానులు ఒప్పుకున్నది 1890 జూన్ 10న. అంటే ఆరేళ్లు! ఆదివారం ఖండోబా దేవుడి రోజు అని కూడా ఆయన వాదించారట. ఖండోబా అంటే మన మల్లన్నే అంటుంది నానమ్మ. కొమురవెల్లి జాతర కూడా ఆదివారాల్లోనే కదా.

1982 సమ్మె తర్వాత తాత పనిచేసిన మిల్లు మళ్లీ తెరవలేదు. ఒక బిల్డింగుకు వాచ్‌మన్‌గా చేరాడు. అక్కడ ఆదివారం సెలవు లేదు. అప్పుడు నానమ్మ జొన్నరొట్టెలు, కూర డబ్బాలో కట్టుకుని, పిల్లలను వెంటబెట్టుకుని గేటు దగ్గరికే పోయేదట. మెట్ల మీద పేపరు పరిచి అందరూ తినేవాళ్లు. కారు వస్తే తాత ముద్ద వదిలేసి లేచి గేటు తీసేవాడు. నాన్న ఈ మాట చెబుతుంటే తాత ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు నాన్నకు ఆదివారాలు డ్యూటీ పడుతోంది. పోయిన వారం అమ్మ డబ్బా కడుతుంటే, తాత అందరికంటే ముందు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.