మెషిన్‌ని కాదు, మొక్కని మార్చారు: నంద్యాల శనగ కథ

యూనివర్సిటీ రీసెర్చ్ అంటే తెల్లకోటు, మైక్రోస్కోపు, ఎవరూ చదవని పేపర్లు అని చాలామంది అంటుంటారు. నాది నంద్యాల జిల్లా పగిడ్యాల. ఈరోజు మా వైపు నల్లరేగడిలో పండే ఒక రీసెర్చ్ గురించి మాట్లాడుకుందాం. అదే పప్పుశనగ.

నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. 1906లో బ్రిటిష్ వాళ్ల కాలంలో మొదలైంది. అప్పుడు దాని ధ్యాసంతా పత్తి మీదే. 1964లో రాష్ట్రానికి వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. నంద్యాల స్థానం దాని కిందే పనిచేస్తోంది.

శనగకి చలి కావాలి. మనకేమో చలికాలం చిన్నది. అక్టోబరు, నవంబరులో విత్తితే, నేలలో మిగిలిన తేమతోనే పండాలి. ఎండలు ముదరకముందే చేతికి రావాలి. ఈ చిక్కుకి జవాబుగా 1999లో జేజీ 11 అనే రకం వచ్చింది. జబల్‌పూర్ వ్యవసాయ యూనివర్సిటీ, మన పటాన్‌చెరు ఇక్రిశాట్ కలిసి చేసిన పని అది. సుమారు 100 రోజుల్లో కోతకొస్తుంది, ఎండు తెగులుని తట్టుకుంటుంది. తర్వాతి పదేళ్లలో ఆంధ్రాలో శనగ సాగు కొన్ని రెట్లు పెరిగింది.

పంట పెరిగింది సరే, కోసేదెవరు? ఎక్కువగా ఆడవాళ్లే. ఎండెక్కితే కాయ రాలిపోతుంది కాబట్టి తెల్లారుజామున మంచులోనే పీకాలి. శనగాకు నోట్లో పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది కదా? ఆకు మీది సన్నటి నూగు నుంచి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఊరుతాయి. పురుగుల నుంచి మొక్క తనని కాపాడుకునే పద్ధతి అది. కానీ రోజుల తరబడి పీకితే చేతులు మండుతాయి, చర్మం పగులుతుంది.

మరి వరి కోసే మెషిన్ ఉంది కదా అంటారా? శనగ మొక్క పొట్టిది, పక్కలకి పరుచుకుంటుంది. బ్లేడు కిందికి దించితే మట్టి, రాళ్లు వస్తాయి. పైకి లేపితే కింది కాయలు చేలోనే ఉండిపోతాయి.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఇక్కడ సిస్టమ్‌ని కదపకుండా ఇన్‌పుట్‌నే మార్చారు. ఇక్రిశాట్ తోడుతో నంద్యాల శాస్త్రవేత్తలు నిటారుగా, ఎత్తుగా పెరిగి, నేలకి పైన కాయలు కాసే రకం తెచ్చారు. పేరు ఎన్‌బీఈజీ 47, ‘ధీర’ అని కూడా అంటారు. మనకి రెండు వారాలకో స్ప్రింట్. వాళ్లకి పొలంలో ఏడాదికి ఒక్కటే శనగ పంట. రెండు రకాల్ని కలిపి, తరం తర్వాత తరం ఏరుకుంటూ, రకం స్థిరపడ్డాక చాలా ఊళ్లలో పరీక్షించాలి. ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు రోజుల పని గంటల్లో అయిపోతుంది. రైతుకి కోత ఖర్చు తగ్గింది. అయితే ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. మెషిన్ దిగిన చేలో ఆ అక్కలకి చేతి మంట తప్పింది, ఆ కూలీ కూడా తప్పిపోయింది. రెండూ ఒకే మొక్క వల్ల. మొక్కని మార్చడానికి అన్నేళ్లు ఓపిక పట్టిన మనం, వాళ్ల పని గురించి కూడా అంతే ఓపిగ్గా ఆలోచించాలి. నా దృష్టిలో తర్వాతి రీసెర్చ్ అదే.

మీ ఊళ్లో శనగ కోత చేత్తోనా, మెషిన్‌తోనా? మీ అమ్మనో అవ్వనో అడిగి కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.