సురభి స్త్రీలు - 'సంసారుల' నాటకం

మా అమ్మమ్మకి తొంభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. పొద్దున తాగిన కాఫీ సంగతి మర్చిపోతుంది గానీ, పాలకొల్లులో సురభివాళ్ళ గుడారం ఎక్కడ వేసేవారో, ఏ వేషం ఎవరికి నప్పేదో ఇప్పటికీ చెప్పగలదు. మాసూళ్ళయిపోయి జనం చేతిలో నాలుగు డబ్బులాడే రోజుల్లో వాళ్ళు దిగేవారట. "మీ తాతయ్య సినిమాకే పంపించేవారు కాదు. సురభి నాటకానికి మాత్రం పక్కింటోళ్ళతో వెళ్ళమనేవారు. ఆళ్ళు సంసారులు కదే" అంటుంది.

ఈ 'సంసారులు' అన్న మాట చాలాకాలంగా నా వెంట పడుతోంది. నేను పిహెచ్.డి. కోసం చదివిన నాటక చరిత్రల్లో సురభి అంటే గాల్లోంచి దిగే నారదుడు, రంగస్థలం మీద కురిసే వాన, కళ్ళముందే మారిపోయే తెరలు. ఆడవాళ్ళ గురించి మాత్రం 'స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించేవారు' అని ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యానికీ మా అమ్మమ్మ ఒక్క మాటకీ మధ్య ఎంత చరిత్ర ఉందో చూద్దామనే ఈ ప్రయత్నం.

మన గోదావరి ఒడ్డునే మొదలుపెడదాం. 1880లో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశంలో ప్రదర్శనలిచ్చింది. అదే ఏడాది రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. ఆయన అప్పటికే, 1874లోనే, ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టినవారు. మరుసటి ఏడాది, 1881లో, తొలి వితంతు వివాహం జరిపించబోతున్నవారు. అయినా ఆయన రంగస్థలం మీద ఆడమనిషి లేదు. ఆడవాళ్ళ కష్టం గురించి మాట్లాడడం వేరు, ఆడమనిషే వచ్చి నలుగురి ముందు నిలబడడం వేరు. తర్వాతి రోజుల్లో రాజమండ్రిలో చిలకమర్తి నాటకాలాడిన బృందంలో ఆడవేషాలు కట్టిన కుర్రాళ్ళలో టంగుటూరి ప్రకాశం కూడా ఉన్నారు. చదువుకున్న పెద్దమనుషుల నాటకం అది. ఆ పెద్దరికం నిలబడాలంటే ఇంటి ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండాలి.

వీరేశలింగం నాటకానికి ఐదేళ్ళ తర్వాత, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం 'కీచకవధ' ఆడింది. వనారస గోవిందరావు సురభి నాటకానికి మూలపురుషుడయ్యారు. వీళ్ళు మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాట కళాకారులు. ఈ చివరి సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. తోలుబొమ్మలాటలో ఆడవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. తెర వెనక కూర్చుని సీతకీ ద్రౌపదికీ గొంతిచ్చింది వాళ్ళే. పాట వాళ్ళకి వచ్చు, కథ వచ్చు, జనం ఎక్కడ నవ్వుతారో ఎక్కడ కళ్ళు తుడుచుకుంటారో తెలుసు. కాబట్టి సురభి స్త్రీ నటి కావడం ఏ సంస్కర్తో పెట్టిన భిక్ష కాదు. తరతరాలుగా చేస్తున్న పనినే ఆమె తెర ఇవతలికి వచ్చి చేసింది. మన నాటక చరిత్ర సంస్కరణోద్యమం దగ్గర మొదలవుతుంది కనక ఈ పనిమంతురాలు దానికి కనిపించలేదు.

సురభి కమలాబాయి పుట్టుక గురించి ఒక కథ అందరూ చెప్తారు. దమయంతి వేషంలో ఉన్న తల్లికి నాటకం మధ్యలో నొప్పులొచ్చాయి, తెర దించారు, బిడ్డ అక్కడే పుట్టింది. ఆ బిడ్డే చిన్నతనంలో కృష్ణుడిగా, ప్రహ్లాదుడిగా పేరు తెచ్చుకుని, 1932లో విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతిగా నటించింది. ఈ కథ విన్నవాళ్ళు 'పుట్టుకతోనే నటి' అని మురిసిపోతారు. నాకు మాత్రం ఆ తల్లి గుర్తొస్తుంది. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి ముఖానికి రంగు పూసుకుని ఎందుకు నిలబడవలసివచ్చింది? ఆమె లేకపోతే నాటకం లేదు, నాటకం లేకపోతే ఆ గుడారంలో అందరికీ మర్నాడు అన్నం లేదు.

మా అమ్మమ్మ కూడా ఇలాంటిదే ఒకటి చెప్తుంది. చిన్నప్పుడు ఆడపిల్లలంతా గుడారం వెనక గోనెపట్టా ఎత్తి తొంగిచూశారట. లోపల చీరతో కట్టిన ఉయ్యాల. రాణి వేషంలో ఉన్నావిడ కిరీటం తియ్యకుండానే పిల్లకి పాలిస్తోందట. "గంట మోగంగానే పిల్లని ఇంకోళ్ళ చేతిలో పెట్టి పరిగెత్తిందే" అంది అమ్మమ్మ. అంతలో ఆగి, "మనకీ అంతేగా" అంది.

ఇంటిపని, నాటకప్పని ఒకే కప్పు కింద జరిగిన చోటు సురభి. అందుకే అక్కడి స్త్రీకి అవకాశం దొరికింది, అందుకే చాకిరీ రెట్టింపయింది కూడా. కుటుంబం పెరిగి, పిల్లలకి పెళ్ళిళ్ళయి, కొడుకులూ అల్లుళ్ళూ కొత్త సమాజాలు పెట్టుకుంటూపోతే ఒక దశలో ముప్ఫై పైచిలుకు సమాజాలయ్యాయి. కూతురు వెళ్ళిన చోటికి ఆమె గొంతూ, నేర్చిన వేషాలూ వెళ్ళాయి. సమాజం పేరు పక్కన మాత్రం ఎక్కువగా అల్లుడి పేరే మిగిలింది.

ఇక 'సంసారులు' మాట సంగతి. భర్త అర్జునుడు, భార్య సుభద్ర, మామగారు హార్మోనియం, మరిది తెరలు లాగేవాడు. ఈ ఏర్పాటే సురభి నటికి గౌరవాన్నిచ్చింది. ఆ గౌరవం ఆమె కళకి దక్కిందా, చుట్టూ ఉన్న మగ చుట్టాలకి దక్కిందా? అదే 'మాయాబజారు'ని సురభి బయట ఆడిన నటిని చూడండి. మన గోదావరి జిల్లాల్లో కళావంతుల కుటుంబాల నుంచి ఎందరో నాటకాల్లోకి వచ్చారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. ఆ చట్టం వెనక స్త్రీల పోరాటమూ ఉంది, కాదనలేం. కానీ ఆట మానెయ్యమన్న సమాజం బతుకుతెరువు చూపించలేదు. మరో ఊళ్ళో నాటకానికి ఒంటరిగా రైలెక్కిన ఆ నటి ఎంత గొప్పగా పాడినా 'సంసారి' కాలేకపోయింది. ఒకరిని సంసారి అన్నప్పుడల్లా ఇంకొకరిని కాదంటున్నామని మా అమ్మమ్మకి తెలియదు. నాకూ చాలాకాలం తెలియలేదు.

ఈ గీత చెరపాలని చూసినవాళ్ళు లేకపోలేదు. బళ్ళారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయన పక్కన ధైర్యంగా నటించారు. 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం స్త్రీల బుర్రకథ దళాన్ని నడిపారు. ఇక్కడ చుట్టరికం బదులు ఉద్యమం ఆ స్త్రీలకి అండ అయ్యింది. మరోపక్క ఆడవేషాల్లో అసమానుడైన స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సత్యభామ గొప్పదనాన్ని ఎవరూ తగ్గించలేరు. కానీ ఆ రోజుల్లోనే సత్యభామలైన సురభి స్త్రీల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

మా పాలకొల్లు కూడా తక్కువ తినలేదు. ప్రజానాట్యమండలి నాయకుడు గరికపాటి రాజారావు తీసిన 'పుట్టిల్లు' (1953)తో సినిమాల్లోకెళ్ళిన అల్లు రామలింగయ్య, నాటకాలాడి దర్శకుడైన దాసరి నారాయణరావు, ఆ తర్వాత కోడి రామకృష్ణ - అంతా మావాళ్ళేనని చెప్పుకుంటాం. ఆ తరాల నాటకాల్లో వాళ్ళ ఎదుట నిలబడి మాట అందించిన స్త్రీలు ఎవరో మా ఊళ్ళో ఎవరూ చెప్పుకోరు. నేను ఎనిమిదో తరగతిలో నాటకంలో వేషానికి ఎంపికైతే, మా ఇంట్లో "చదువుకో, డ్రామాలెందుకు" అన్నారు. అన్నది మా అమ్మే. ఆవిడ గొంతులో కోపం లేదు, భయముంది.

పరిశోధన చేస్తుండగా హైదరాబాదులో సురభి నాటకం మొదటిసారి చూశాను. రేకందార్ చిన వెంకటరావు 1937లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి అది. ఊరూరా తిరిగిన సమాజం చివరికి నగరంలో నిలదొక్కుకుంది. శేరిలింగంపల్లి దగ్గర సురభి కాలనీ వెలిసింది. ఆ సమాజాన్ని నడిపించిన నాగేశ్వరరావు (బాబ్జీ)కి 2013లో పద్మశ్రీ వచ్చింది. 1990లలో బి.వి. కారంత్ సురభివాళ్ళతో పనిచేసి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీదేవత యాదమ్మ' చేయించారు. చివరిది బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపం. మంచితనంతో బతకలేని ఆడమనిషి, నిలదొక్కుకోవడానికి మగవేషం వేసుకుంటుంది. మగవాళ్ళు ఆడవేషాలు కట్టి వెలిగిన రంగస్థలం మీద ఈ కథ చెప్పడానికి సురభి స్త్రీ కన్నా అర్హురాలు ఇంకెవరు?

ఆ రోజు ఆట అయ్యాక లోపలికి వెళ్ళాను. రంగు తుడుచుకుంటున్న ఒకావిడ "ఏవూరమ్మా?" అని అడిగింది. పాలకొల్లు అన్నాను. "మా నాయనమ్మ అక్కడ ఆడిందని చెప్పేవారు" అంది. ఏం వేషమని అడిగితే, "ఏది కావాలంటే అది. ఎవరికి జ్వరమొస్తే వాళ్ళది" అని నవ్వింది. మీ అమ్మాయి కూడా వేస్తుందా అన్నాను. "చదువుకుంటోంది. వేస్తానంటే వేస్తుంది. వద్దంటే నేను బలవంతపెట్టను" అంది.

తిరిగొచ్చి ఇదంతా అమ్మమ్మకి చెప్పాను. నాయనమ్మ పేరేమిటని అడిగింది. నేను ఆవిడ్ని ఆ మాట అడగనేలేదు.