తాయిలం: బడిపిల్లల డబ్బాలో తీపి పుట్టుపూర్వోత్తరాలు

పిల్లలకు ప్రేమతో విడిగా పెట్టే తినుబండారాన్ని తెలుగువారు తాయిలం అన్నారు. నేడు బడికి వెళ్లే పిల్లల టిఫిన్ బాక్సులో ఒక మూలన చేరే బెల్లం కేకు ముక్క, రాగి బిస్కెట్టు, నువ్వుండ ఆ తాయిలానికి వారసులే. పల్నాడు జిల్లాలో కొండమీది పాతకోటతో, గుంటూరు–నడికుడి రైలుమార్గంలో స్టేషనుతో ఉన్న బెల్లంకొండ వంటి ఊళ్లలో ఈ తీపి ఏయే రూపాలు మార్చుకుంటూ వచ్చిందో చూస్తే, ఆ మార్పులను నిర్ణయించినవి ప్రధానంగా రెండని తేలుతుంది: ఇంట్లో దొరికిన నిప్పు ఎటువంటిదన్నది ఒకటి, వండినది ఎంతసేపు మూటలో ఉండాలన్నది రెండవది. ఊరి పేరులో బెల్లం వినిపిస్తున్నా దానికి బిలాలున్న కొండ అని అర్థం చెప్పినవారున్నారు కనుక, ఆ పేరును చెరకుతో ముడిపెట్టడం తొందరపాటు అవుతుంది.

మూటగట్టుకుని వెళ్లే తిండికి తెలుగులో పాతపేరు చల్ది; అదే వాడుకలో చద్ది, సద్ది అయింది. పదిహేనవ శతాబ్దపు పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు కృష్ణునితో కూర్చుని చల్దులు ఆరగించే ఘట్టం, పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న తిండిని ఒకరికొకరు చూపి ఊరించుకుంటూ తినడాన్ని తెలుగు కవి ఎంత దగ్గరగా గమనించాడో చెబుతుంది. అక్కడ ప్రధానం పెరుగు కలిపిన ముద్ద, ఊరగాయ. ఎండవేడికి రాష్ట్రమంతటా పేరుమోసిన రెంటచింతల ఉన్న పల్నాడు నేలలో పాలతో చేసిన తీపి మధ్యాహ్నం దాకా నిలవదు కనుక, మూటలో చేరే తీపి తడిలేనిదై, చేతికి అంటనిదై, పదిమందికి పంచడానికి వీలైనదై ఉండవలసి వచ్చింది.

ఈ అవసరాన్ని తీర్చినది పాకం. బెల్లాన్ని కొద్ది నీటితో కరిగించి మరిగిస్తూ పోతే నీరు తగ్గి చిక్కబడుతుంది. వేళ్ల మధ్య తీగలా సాగితే తీగపాకమనీ, చన్నీళ్లలో వేసినప్పుడు ఉండకట్టితే ఉండపాకమనీ, ఆ ఉండ పళ్లేనికి తగిలి టంగుమని మోగితే ముదురుపాకమనీ అంటారు. ఉష్ణమాపకం లేని వంటింట్లో కంటితో, వేలితో, చెవితో ఉష్ణోగ్రతను కొలిచిన ఈ విద్య ఏ ప్రయోగశాల పద్ధతికీ తీసిపోదు. తేమ అంతగా ఇగిరిన తీపిలో సూక్ష్మజీవులు పెరగలేవు కనుక అచ్చులు, ఉండలు రోజుల తరబడి చెడవు. నువ్వులు ఈ దేశంలో సింధు నాగరికత నాటివి. వేరుశనగ మాత్రం దక్షిణ అమెరికాలో పుట్టి, సముద్రమార్గాన వచ్చి, పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో విస్తారంగా సాగైన తరువాతనే బెల్లంతో జతకట్టి ఇంటింటి తినుబండారం కాగలిగింది.

ఇవన్నీ పొయ్యిమీది వంటలు, అంటే వేడి కిందినుంచి మాత్రమే అందేవి. తెలుగులో రొట్టె కాలుస్తారు, పల్లీలు వేయిస్తారు, అరిసెలు వండుతారు, కుడుములు ఉడికిస్తారు. నాలుగువైపులా మూసిన పొడివేడిలో పదార్థాన్ని పొంగించి పక్వం చేయడానికి మాత్రం ప్రత్యేకమైన క్రియ లేకపోవడానికి కారణం, ఆ వేడినిచ్చే కొలిమి ఇళ్లలో లేకపోవడమే. దానికి అతి దగ్గరగా వెళ్లినది దిబ్బరొట్టె. మినప్పిండిని మందపాటి గిన్నెలో మందంగా పోసి, మూతపెట్టి, కింద సన్నని నిప్పుతోపాటు మూతమీద కూడా కణికలు పేర్చి కాల్చే ఆ పద్ధతి పేరు పెట్టుకోని బేకింగే. ఆ రొట్టెను చెరకుపానకంలో ముంచి తినే అలవాటును కూడా లెక్కలోకి తీసుకుంటే, కేకుకు తెలుగింట దూరపు అక్క ఒకటి ముందే ఉన్నదనవచ్చు.

కొలిమి బయటినుంచి వచ్చింది. పులిసిన పిండితో రొట్టె కాల్చడం పోర్చుగీసువారితో గోవాకు చేరింది. కేరళలోని తలశ్శేరిలో బేకరీ నడిపిన మాంబళ్లి బాపు 1883లో కేకు కాల్చినట్లు ప్రసిద్ధి. బేకరీలు చిన్నపట్టణాలకు విస్తరించిన తరువాత తెలుగునాట ఒక మధ్యేమార్గం ఏర్పడింది: ఇంటినుంచి పిండి, చక్కెర, నెయ్యి లేదా డాల్డా పట్టుకెళ్లి ఇస్తే బేకరీవారు బిస్కెట్లు కాల్చి ఇచ్చేవారు, వాటిని రేకుడబ్బాలో దాచి బడిరోజులకు సరిపెట్టుకునేవారు. సరుకు ఇంటిది, నిప్పు బజారుది అయిన ఆ ఏర్పాటుకు ఈ చరిత్రలో దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

నిప్పును తిరిగి ఇంట్లోకి తెచ్చినది ప్రెషర్ కుక్కరు. భారతదేశంలో 1959లో ప్రెస్టీజ్, హాకిన్స్ కుక్కర్ల తయారీ మొదలైంది. అయితే పల్లెల్లో అది కేకు కొలిమిగా మారడానికి మంటను తగ్గించి నిలకడగా ఉంచగల గ్యాసుపొయ్యి కూడా కావాలి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం మహిళా సంఘాల సభ్యుల ఇళ్లకు గ్యాసును చేర్చింది. కుక్కరు అడుగున ఇసుక లేదా రాళ్లుప్పు పరిచి, రబ్బరు, విజిల్ తీసివేసి, చుక్క నీరు పోయకుండా ముందుగా వేడిచేసి, లోపల చిన్న గట్టుమీద పిండిగిన్నె ఉంచి సన్నని సెగన ముప్పావుగంట వదిలితే, ఇసుక వేడిని నిలిపి నెమ్మదిగా వదులుతుంది, మూత ఆ వేడిని చుట్టూ తిప్పుతుంది. దిబ్బరొట్టె మూతమీది కణికలు చేసిన పనినే ఇక్కడ మూసిన గాలి చేస్తుంది. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావడమే ఇక్కడి పాకపరీక్ష.

బెల్లం ఈ కొత్త వంటలో కూడా తన చోటు విడవలేదు. దానికున్న స్వల్పమైన ఆమ్లగుణం వంటసోడాతో కలిసి వాయువును పుట్టించి పిండిని పొంగిస్తుంది. తేమను పట్టి ఉంచే స్వభావం వల్ల ముక్క మరునాటికీ మెత్తగా ఉంటుంది. రాగిపిండిలో గోధుమకున్న జిగురు, అంటే గ్లూటెన్, లేదు కనుక రాగిబిస్కెట్టు పొడిపొడిగా విరుగుతుంది, రాగికేకుకు కొంత గోధుమపిండి కలపవలసి వస్తుంది. తల్లులు బెల్లం, చిరుధాన్యాల వైపు మళ్లడం మంచిదే గాని, బెల్లం కూడా చక్కెరేనన్నది మరచి ముక్క పెద్దది చేయడం తగదు.

ఇక బడి పెట్టే తిండి విషయానికి వస్తే, సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించిన తరువాత, ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి ప్రభుత్వ బడిపిల్లలకు మధ్యాహ్నం క్యారేజీ అవసరం తగ్గింది. 2020 జనవరిలో ఆ భోజనంలో బెల్లం, వేరుశనగ కలిపిన చిక్కీ చేరింది. 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ వచ్చి చేరింది, మిగతా మూడు రోజులు చిక్కీ కొనసాగింది. 2024లో ఆ భోజన పథకం అన్నదానానికి పేరొందిన డొక్కా సీతమ్మ పేరు ధరించింది. బెల్లంకొండ మండలంలో ప్రభుత్వ బడికి వెళ్లే బిడ్డ చేతికి వచ్చే ఆ చిక్కీ పలకకూ, ఇంటిదగ్గర నాయనమ్మ ముదురుపాకం పట్టి పళ్లెంలో పోసి, ఆరకముందే కత్తితో గీతలు పెట్టి కోసే వేరుశనగ అచ్చుకూ పాకం ఒక్కటే.